చెంపకు బొట్టు

పోయిన నెల మా ఇంట్లో కంప్యూటరుకు జబ్బు చేసింది. నేను తెరవని పేజీలు వాటంతట అవే తెరుచుకునేవి, మూసేస్తే మూసుకునేవి కావు, లోపలి ఫ్యాను మాత్రం పిండిమరలా మోగేది. భూపాలపల్లి బస్టాండు దగ్గర రిపేరు షాపు పెట్టుకున్న అబ్బాయిని పిలిపించాను. మంచి పిల్లవాడే, చేతివేగం ఎక్కువ, ఓపిక తక్కువ. వచ్చీ రాగానే అందులోనే ఉన్న యాంటీవైరస్‌ను నడిపించాడు. తెర మీద ఆకుపచ్చ గుర్తు పడగానే నా వైపు తిరిగి, "ఏం లేదు మేడం, మొత్తం క్లీన్ ఉన్నది" అన్నాడు.

"దాన్నే అడిగితే అదేం చెప్తది బేటా? బయటోన్ని అడుగు" అన్నాను.

అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. నేను ఎవరినీ బేటా అని పిలవను, మా ఇంట్లో ఆ మాట లేదు. ఆ అబ్బాయి మాత్రం నా మాట పట్టుకున్నాడు. సంచీలోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి, మా కంప్యూటరును దాని సొంత ప్రాణంతో కాకుండా ఆ పెన్‌డ్రైవ్‌తో లేపాడు. అప్పుడు దొరికింది. రూట్‌కిట్ అట. అన్నిటికంటే అడుగున కూర్చుంటుందట, లోపల ఏముందని ఎవరు అడిగినా ముందు అదే జవాబు చెబుతుందట, తన పేరు ఒక్కటి తప్పించి మిగతావన్నీ చూపిస్తుందట. నాకు తెలుసన్నాను. ఎట్ల తెలుసన్నాడు. ఎనభైల్లో జనగామలో నేర్చుకున్నానన్నాను. ముసలివాళ్ల మాటలకు నవ్వినట్టు మర్యాదగా నవ్వి వెళ్లిపోయాడు. అతనికి చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఆమెను మేమందరం ఆపా అనేవాళ్లం. ఆపా అంటే వాళ్లింటి మాటలో అక్క. అసలు పేరు ఒకటి ఉండేది గాని ఎవరి నోటా వచ్చేది కాదు. ఆమె మమ్మల్ని బేటా అనేది. జనగామలో స్టేషనుకు పోయే దారిలో ఒక పటేలు ఇంటి ముందుగదిలో ఆమె కంప్యూటరు క్లాసు నడిపేది. మిషన్ పటేలుది, చదువు ఆపాది. పటేలుకు పొలాలున్నాయి, రాజకీయాలున్నాయి, ఎవరైనా చెవిలో ఊదితే చాలు కొత్త వ్యాపారం మీద మోజు పుట్టేది. ఆపా హన్మకొండలో లెక్కలు చదివి, హైదరాబాదులో కంప్యూటరు నేర్చుకొని, అక్కడే ఉద్యోగంలో ఉండగా తండ్రికి పక్షవాతం వచ్చిందని తిరిగి జనగామకు వచ్చేసింది. ఆడమనిషి నేర్పుతుంది కాబట్టే మా ఇళ్లవాళ్లు మమ్మల్ని పంపారు. నేను కొడకండ్ల నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఆ క్లాసే లేకపోతే డిగ్రీ అయ్యాక పత్తి చేనులో కూలీలను లెక్కబెట్టుకుంటూ ఉండేదాన్ని, అందులో నాకు అనుమానం లేదు.

ఆపా రాగానే బురఖా తీసి తలుపు వెనక మేకుకు తగిలించేది. జడలో పెన్సిలు గుచ్చుకునేది, తర్వాత క్లాసంతా ఆ పెన్సిలు కోసం వెతుక్కునేది, మేమెవరమూ చెప్పేవాళ్లం కాదు. కుర్చీలో కూర్చునే ముందు మానిటరు నెత్తి మీద వేలి కణుపుతో ఒకసారి కొట్టేది. మిషన్‌ను వీడు అనేది.

"వీడు మంచోడు కాదు, చెడ్డోడు కాదు. పొద్దుగాల లేవంగనే ఎవడు ముందుగాల మాట్లాడుతడో వాని మాటే వింటడు. గదొక్కటే వీని ఐబు" అనేది. ఐబు అంటే లోపం.

ఆమెకు ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. దేని గురించైనా దాన్నే అడిగితే నమ్మేది కాదు. బస్సు ఎప్పుడు పోతుందని కండక్టరును అడిగేది కాదు, చాయ్ దుకాణం ఆయన్ని అడిగేది. కండక్టరు ఎప్పుడు అడిగినా ఇప్పుడే అంటాడు కదా. నాకు పాఠం అర్థమైందని చెబితే తల ఊపి, నా పక్కనున్న అమ్మాయి వైపు తిరిగి, "నీకు చెప్పిందా ఇది? ఏదీ, నువ్వు చెప్పు" అనేది. పక్కామె చెప్పగలిగితేనే నాకు వచ్చినట్టు. మాకు ఒళ్లు మండేది. ఇంత అనుమానం మనిషి ఎక్కడైనా ఉంటుందా అని బస్సులో తిట్టుకునేవాళ్లం. ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను, ఎవరినీ నమ్మవా ఆపా అని.

"నమ్ముత. కాని అడిగే జాగ వేరే ఉంటది" అంది. "అరవై తొమ్మిదిల తెలంగాణ కొట్లాటకు బళ్లు బంద్ అయినయి గదా. పోరగాళ్లంత జెండలు పట్టుకొని సడక్ మీద, నేనేమో అబ్బాజాన్ రేడియో దుకాణంల. ఏడాదంత అదే నా బడి. రేడియో మోగుతలేదని తెస్తరు. అందరు దాన్నే పట్టుకొని తిప్పుతరు, కొడుతరు. అబ్బాజాన్ ఏం చేస్తుండె? మంచిగున్న ఇంకో రేడియో తెచ్చి పక్కకు పెడుతుండె. అది కూడ మోగకపోతే స్టేషనే బంద్ ఉన్నట్టు. అది మోగితే ఇది ఖరాబైనట్టు. గంతే."

ఊళ్లో ఆమె గురించి గుసగుసలు పుట్టింది మాత్రం బొట్టు దగ్గర. నుదుటికి బొట్టు పెట్టుకోని మనిషి గాజుల దుకాణంలో స్టిక్కర్ బొట్టు ప్యాకెట్లు కొంటున్నదని, అదీ పెద్ద సైజు ఎర్రవని, గాజులామె నలుగురికీ చెప్పింది. ఎవరి కోసమో అని ఊహలు మొదలయ్యాయి. నిజానికి అవి ఫ్లాపీల కోసం. ఇప్పటి పిల్లలకు ఫ్లాపీ అంటే తెలియదు. అరచేతికంటే పెద్దగా, పల్చగా, నల్లటి చదరపు అట్టలా ఉండేది. మనం రాసిందంతా దాని లోపలి గుండ్రటి పొరలో దాచుకునేవాళ్లం. దాని పక్క అంచున చిన్న నొక్కు ఒకటి కత్తిరించి ఉంటుంది. ఆ నొక్కు తెరిచి ఉంటే మిషన్ ఆ ఫ్లాపీ మీద రాయగలదు. దాన్ని మూసేస్తే చదవగలదే తప్ప ఒక్క అక్షరం రాయలేదు. మూయడానికి డబ్బాలో వెండిరంగు కాగితం ముక్కలు వచ్చేవి గాని అవి మన ఎండలకు ఊడిపోయేవి. మఖ్మలు బొట్టు జిగురు ఊడేది కాదు. ఆపా బొట్టును సగానికి మడిచి ఆ నొక్కు మీద అటూ ఇటూ అంటించేది. ఆ అంచును ఆమె చెంప అనేది. "చెంపకు బొట్టు పెట్టినవా?" అన్నదే మేము గదిలో అడుగుపెట్టగానే వినే మొదటి మాట.

ఆమెకు ప్రాణమైన ఫ్లాపీ ఒకటుండేది. మిషన్‌ను బయటినుంచి లేపడానికి దాచుకున్నది, చెంపకు బొట్టుతో, విడిగా ఒక కవరులో. అది మాకెవరికీ ఇచ్చేది కాదు.

ఆ ఏడు వానాకాలంలో మిషన్‌కు వైరస్ పట్టింది. ఎవరో ఆటల ఫ్లాపీ తెచ్చిపెట్టారు. రాసుకున్న పాఠాలు తెరుచుకోవడం మానేశాయి, కొన్ని ఫ్లాపీలు బొత్తిగా చదవకుండా పోయాయి. ఆపా గాభరా పడలేదు. తన ఫ్లాపీతో మిషన్ లేపి, ఒక పూటలో దాన్ని తీసేసి, మర్నాడు ఆ సంగతే మాకు పాఠం చేసింది.

"పొద్దుగాల ఈ ఇంటి తలుపు ఎవలు తీస్తరు?" అని అడిగింది.

పటేలు జీతగాడు అన్నాం.

"ఒక దొంగ వచ్చి ఆ జీతగాన్ని కొట్టంల కట్టేసి, వాని బట్టలు తొడుక్కొని తలుపుకాడ నిలబడ్డడనుకోండ్రి. పటేలుకు అనుమానమొచ్చి, అరే, మా జీతగాన్ని జర చూపియ్యి అన్నడు. దొంగేం చేస్తడు? కొట్టంలకెంచి అసలోన్ని తీస్కొచ్చి చూపిస్తడు. చూసుకో పటేలా, నీ జీతగాడే అంటడు. పటేలు ఖుష్. మళ్ల వాన్ని తీస్కపోయి కట్టేస్తడు. ఈ వైరస్ గిట్లనే చేస్తది. డిస్కుల మొదటి జాగల అది కూసుంటది. అసలు ఉండాల్సినదాన్ని వేరే మూలకు దాస్తది. మీరు మొదటి జాగ చూపియ్యమంటే దాచినదాన్ని తెచ్చి చూపిస్తది. మరి ఎట్ల పట్టుకుంటరు?"

మాలో ఒకమ్మాయి, తలుపుకాడోన్ని అడగొద్దు, దొడ్డిదారిన పోవాలె అంది. ఆపా ముఖం వెలిగిపోయింది. ప్లగ్గు పీకాలంది. మూడు మీటలు ఒకేసారి నొక్కి మళ్లీ మొదలుపెడితే వాడు లోపలే నక్కి ఉంటాడంది, కరెంటు పూర్తిగా పోతేనే చస్తాడంది. తర్వాత ఎన్నడూ జబ్బుపడని ఫ్లాపీతో లేపాలి, అప్పుడు మొదటి జాగా చూడాలి, అక్కడ సిస్టం మళ్లీ రాయాలి, ఇంట్లో ఉన్న ఫ్లాపీలన్నీ ఒక్కటి వదలకుండా చూడాలి. ఒక్కటి వదిలినా మొదటికొస్తుంది.

ఆమె చెప్పినట్టే మొదటికొచ్చింది, దసరా దాటాక. మళ్లీ తీసింది. మళ్లీ వచ్చింది. ఎన్నిసార్లు తన ఫ్లాపీతో లేపి చూసినా మొదటి జాగా శుభ్రంగా కనిపించేది, కాని మా పాఠాలు మాయమవుతూనే ఉండేవి. కంపెనీ మనిషి హైదరాబాదు నుంచి వచ్చి, డిస్కు మొత్తం తుడిచేసి, అన్నీ కొత్తగా ఎక్కించాడు. ఆపా గిట్ల, గట్ల అంటుంటే సినిమాలో హాస్యగాడిలాగా ఆ మాటలే తిరిగి పలికి నవ్వుకున్నాడు. ఆమె పట్టించుకోలేదు. ఆయన పోయాక తన ఫ్లాపీ పెట్టి సరిచూసుకుంది, అంతా బాగుంది. రెండు రోజులు తిరక్కుండానే జబ్బు తిరగబెట్టింది.

ఈలోగా ఊరు తన పని తాను చేసింది. ఆ ఏడు జనగామలో ఇంటికొకరు విషజ్వరంతో మంచమెక్కారు. దవాఖానలో డాక్టరు అది వైరస్ జ్వరమన్నాడు. పటేలు ఇంటి కంప్యూటరుకు వైరస్ ఉందన్న కబురు అప్పటికే బజారుకెక్కింది. రెండూ కలిశాయి. ఆ మీటల మీద వేళ్లు పెట్టిన పిల్లకు జ్వరం వస్తుందట అని ఒకరంటే, మా పిల్లకు వచ్చింది కూడా అని ఇంకొకరన్నారు. క్లాసు పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. మా బాపు కూడా, ఇంటికి రాగానే వేపాకు నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు, అదీ కొన్నాళ్లే, తర్వాత ఇక పోవద్దన్నాడు. నేను ఏడ్చి, అలిగి, మా అమ్మను మధ్యలో పెట్టి ఇంకొన్నాళ్లు గడువు తెచ్చుకున్నాను.

పటేలు చెడ్డవాడు కాదు, పరువు మనిషి. ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి చెప్పేశాడు.

"బిడ్డా, దీపావళి దాక చూస్త. ఎరువుల దుకాణమాయన గది అడుగుతున్నడు. మిషిని కంపెనోనికి వాపస్ ఇస్త. నువ్వు ఇంకోతీరు అనుకోకు, రోగమున్న మిషిని ఇంట్ల పెట్టుకున్నమని మా అమ్మను గుడికాడ అడుగుతున్నరట."

"దీపావళి దాక గది నాదే కదా పటేలా?" అంది ఆపా.

"నీదే."

"చాలు" అంది, మళ్లీ తెర వైపు తిరిగింది.

మర్నాడు పాఠం చెప్పలేదు. మిగిలిన మమ్మల్ని కూర్చోబెట్టి మొదటినుంచీ లెక్క తీసింది. మిషన్ అబద్ధమాడుతుంది, సరే. కంపెనీ మనిషి తుడిచాక కూడా వచ్చిందంటే బయటినుంచి ఏదో వస్తున్నది. మా ఫ్లాపీలన్నీ ఆమె పక్కన పెట్టేసింది. ఇంక మిషన్లోకి పోతున్నది ఒక్కటే మిగిలింది. కవరులోంచి తన ఫ్లాపీ తీసి బల్ల మీద పెట్టి చాలాసేపు చూసింది. ఎర్రబొట్టు ఉంది, ఎప్పటిలాగే. తల్లిని అనుమానించినంత కష్టంగా ఉందని నోటితోనే అంది.

"ఇదే బొంకుతుంటే, దీన్ని పట్టుకొని నేను ఎన్నొద్దులు చూసినా గంతే. ఈ ఇంట్ల ఎన్నడు అడుగుపెట్టని ఫ్లాపీ కావాలె నాకు" అని లేచింది.

మహబూబాబాద్‌లో ఒక రైసుమిల్లులో కొత్తగా కంప్యూటరు వచ్చింది. దాన్ని చూసుకునే ఆమె ఆపాతో కలిసి చదువుకున్నదట. పొద్దున ప్యాసింజరు బండికి నన్నూ వెంటబెట్టుకొని బయల్దేరింది. నేనెందుకని అడిగితే, "నేను ఏం చేసిన్నో నన్నే అడిగితే ఎట్ల? నువ్వు చూడు" అంది. కాజీపేటలో బండి మారి పోయాం. స్నేహితురాలు అప్పటిదాకా కంపెనీ సీలు విప్పని సిస్టం ఫ్లాపీ నుంచి మా ఎదురుగా ఒకటి చేసిచ్చింది. చెంపకు వెండి కాగితం అంటించింది. తిరుగు ప్రయాణంలో డోర్నకల్ వైపునుంచి వచ్చిన బండి కిక్కిరిసి ఉంది. ఆ ఉక్కకు, చెమటకు ఆ కాగితం కాస్తా లేచి ఆపా చేతికే అంటుకుంది. సంచీలో వెతికింది, బొట్టు ప్యాకెట్ ఇంట్లోనే మర్చిపోయింది.

ఇంటికి పోయాక పెట్టుకుందామన్నాను. ఆ ఫ్లాపీ మిషన్లోకి పోతే కదా భయం, బండిలో ఏమవుతుందని.

"పోయినంక పెడుదమంటే పోయినంక మర్చిపోతం. మర్చిపోయిన్నని నాకు యాదికుండదు" అని, ఎదుటి బల్ల మీద కూర్చున్న ఆమె వైపు ఒంగింది. నెల్లికుదురు దిక్కు మనిషట, ఒళ్లో పిల్లవాడు, నుదుట రూపాయంత బొట్టు.

"అక్కా, మీ దగ్గర స్టిక్కర్ బొట్టుంటె ఒకటి ఇయ్యరా? జర పెద్దది."

ఆమె ఆపా బురఖా వైపు చూసింది, నా వైపు చూసింది. నాకు బొట్టు ఉంది. మళ్లీ ఆపా వైపు చూసింది. పక్కవాళ్లు ఇటు తిరిగారు. నాకు సీటు కింద దూరిపోవాలనిపించింది. ఆపా చేయి మాత్రం చాచే ఉంది. నెల్లికుదురు ఆమె ఏమీ అడగకుండా సంచీలోంచి చిన్న అద్దం తీసి, దాని వెనక అంటించి పెట్టుకున్న బొట్టును గోటితో లేపి ఆపా వేలి మీద పెట్టింది. ఆపా అందరూ చూస్తుండగా ఫ్లాపీ అంచుకు మడిచి అంటించి, బొటనవేలితో అటూ ఇటూ అదిమింది.

"దేనికది చెల్లె?" అని అడిగింది ఆమె.

"దీంట్ల ఎవలు చెడ్డ రాతలు రాయకుంట" అంది ఆపా.

ఆమె తృప్తిగా తల ఊపింది. తాయెత్తు అనుకొని ఉంటుంది.

మర్నాడు పగలే, పటేలును, వాళ్లమ్మను, మమ్మల్ని గదిలోకి పిలిచింది. పటేలు తల్లిని అందరం అవ్వ అనేవాళ్లం. ఆమెకు ఆపా అంటే ఇష్టం. రోజూ మజ్జిగ పంపేది, పెళ్లి చేసుకోలేదని రోజూ తిట్టేది. ఆపా ముందు మిషన్‌ను దానంతట దాన్నే లేపి, మొదటి జాగా చూపించమంది. తెర మీద అక్షరాలు వరసగా, ఉండాల్సినట్టే ఉన్నాయి. అందరినీ చూడమంది. తర్వాత గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకింది. చేతులు కట్టుకొని కాసేపు నిలబడింది. మళ్లీ ప్లగ్గు పెట్టి, బండిలో బొట్టు పెట్టుకున్న ఫ్లాపీతో లేపి, అదే జాగా చూపించమంది. ఈసారి అక్షరాలు వేరే.

"ఇందాక ఉన్నయి ఇయ్యి కావు కదా" అన్నాడు పటేలు. ఇంగ్లీషు రాని అవ్వ కూడా ముందుకు ఒంగి, ఇది ఇంకోని మొకం అంది.

పని అయిపోయిందని నేననుకున్నాను గాని ఆపా అనుకోలేదు. కవరులోంచి తన పాత ఫ్లాపీ తీసి, మిషన్‌కు ఫ్లాపీలు పెట్టే రెండో అరలో పెట్టి దాని మొదటి జాగా చూసింది. అక్కడా అదే ముఖం. ఫ్లాపీని బయటకు తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. బొట్టు ఉంది. లేబులు నడిమధ్యన, ముచ్చటగా, మఖ్మలు ఎర్రగా ఉంది. అంచున నొక్కు మాత్రం బోసిగా ఉంది. వేలితో తడిమి చూసుకుంది.

"ఈ బొట్టు ఎవలు తీసిండ్రు?" అంది, చాలా మెల్లగా.

"తియ్యలే బిడ్డా" అంది అవ్వ. "సరిగ్గ పెట్టిన. దసరనాడు ఆయుధ పూజ చేసిన గదా, అన్నిటికి బొట్లు పెట్టుకుంట ఇది చూసిన. చెంపకున్నది. ఎర్రబొట్టు చెంపకు ఎవలన్న పెడుతరా? చెంపకు పెట్టేది దిష్టిచుక్క, నల్లగుంటది. పాపం తుర్కోల పిల్లకు తెల్వదనుకున్న. తీసి నుదుటికి పెట్టిన."

పటేలు తల్లి వైపు చూశాడు. అప్పుడు నాకు లెక్క మొత్తం అర్థమైంది. చెంప బోసిపోయిన ఆ ఫ్లాపీ ఎప్పుడో జబ్బుమిషన్లోకి పోయింది, తనూ జబ్బుపడింది. ఆ తర్వాత ఆపా మిషన్ తుడిచిన ప్రతిసారీ, కంపెనీ మనిషి తుడిచాక కూడా, వైరస్‌ను మళ్లీ లోపలికి తీసుకుపోయింది ఆమె చేతిలో ఫ్లాపీయే. కండక్టరు మాట నమ్మని మనిషి, ఒక బొట్టు మాట నమ్మింది.

అవ్వకు విషయం పూర్తిగా అర్థం కాలేదు గాని తప్పు జరిగిందని అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపా వెళ్లి ఆమె పక్కన కింద కూర్చుంది.

"నీది తప్పు కాదవ్వా. నువ్వు మంచే చేసినవ్. బొట్టున్నదని చూసిన గని ఏడున్నదని చూడలే నేను" అంది. ఇంకాసేపటికి, "చెంపకు నల్లదైతే మంచిదేనా?" అని అడిగింది.

"నల్లదైతే మంచిదే. ఎవలు ముట్టరు" అంది అవ్వ కళ్లు తుడుచుకొని.

ఆ మధ్యాహ్నమే గాజుల దుకాణంలో నల్ల బొట్లు కొన్నాం. గాజులామె దానికింకో కథ అల్లిందని తర్వాత తెలిసింది. మిషన్ మొదటి జాగాలో సిస్టం మళ్లీ రాశాం, ఫ్లాపీలన్నీ ముందేసుకొని ఒక్కొక్కటే చూశాం, జబ్బువాటిని తుడిచాం, అన్నిటికీ చెంపకు నల్లచుక్కలు పెట్టాం. ఒక్క ఫ్లాపీని మాత్రం ఆపా జబ్బుతోనే ఉంచి, దాని మీద అడ్డంగా గీత గీసి దాచింది. ఎందుకని అడిగితే చెప్పలేదు.

మూడు రోజులు గడిచినా జబ్బు తిరిగి రాలేదు. అయినా పిల్లలూ తిరిగి రాలేదు. పటేలు మళ్లీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మిషిని మంచిగైంది, నేను ఒప్పుకుంట. కాని ఊరు ఒప్పుకోవాలె గదా. పిల్లలు లేని క్లాసు ఎవలికోసం బిడ్డా?"

"తల్లిదండ్రులను పిలువుండ్రి పటేలా. మీరు పిలిస్తె వస్తరు" అంది ఆపా.

దీపావళి ముందు ఆదివారం వాళ్లొచ్చారు. కొందరు మిషన్‌కు దూరంగా వాకిట్లోనే నిలబడ్డారు. మా బాపు కొడకండ్ల నుంచి తువ్వాల ముక్కుకు కట్టుకొని వచ్చాడు. ఆపా ఏదో ఉపన్యాసం ఇస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె గీత గీసిన ఫ్లాపీ తీసి అందరికీ చూపించింది.

"దీంట్ల వైరస్ ఉన్నది. ఇప్పుడు మిషిన్ల పెడుతున్న" అని పెట్టి, దాంతోనే మిషన్ లేపింది.

"అరే, ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు పటేలు. ఇన్నాళ్లూ దాన్ని వదిలించుకోవడానికి పడ్డ అవస్థంతా ఆయన కళ్లముందు తిరిగి ఉంటుంది.

"మిషిన్‌కు రోగం పెట్టిన. ఇగ నేను బయట కూసుంట. తీసేది మీ పిల్లలే" అని నన్ను చూపించింది. తలుపు వెనక మేకుకున్న బురఖా తీసుకొని వేసుకొని, పోయి అరుగు మీద మా బాపు పక్కనే, తెర కనిపించకుండా వీధి వైపు తిరిగి కూర్చుంది.

కుర్చీలోకి జరిగాను. నేను తీయలేకపోతే ఆమె క్లాసు ఆమె చేతులతోనే మూసుకున్నట్టు. ముందు మిషన్‌నే అడిగి చూపించాను, అందంగా అబద్ధం చెప్పింది. ప్లగ్గు పీకాను. ఎంతసేపు ఆగాలో ఆపా ముఖం చూసి తెలుసుకుందామంటే ఆమె వీపు తప్ప కనిపించలేదు. నాకు చాలనిపించినదాకా ఆగాను. మంచి ఫ్లాపీ తీసి, చెంపను వేలితో తడిమి, పెట్టి లేపాను. దొంగ ముఖం తెర మీదికొచ్చింది. సిస్టం మళ్లీ రాశాను, మళ్లీ ప్లగ్గు పీకి, మళ్లీ బయటి ఫ్లాపీతో లేపి చూశాను. మొదటి జాగా శుభ్రంగా ఉంది. అప్పటికి బాపు ముక్కుకున్న తువ్వాల మెడలోకి దిగింది. నా భుజం మీదుగా ఒంగి తెరలోకి చూస్తున్నాడు, మీటల మీద చేయి ఆన్చి.

అంతలో ఎరువుల దుకాణమాయన వాకిట్లోకి వచ్చాడు. బస్తాలు ఏ గోడకు పెడితే బాగుంటుందో చూసుకుందామని వచ్చాడట. ఇంత జనం ఏమిటని పటేలును అడిగాడు.

"గది ఖాళీ లేదు" అన్నాడు పటేలు, ఆయన వైపు తిరగకుండానే.

అరుగు మీదినుంచి ఆపా లేచి లోపలికి వచ్చింది. పటేలు మాట విన్నదో లేదో ముఖంలో తెలియలేదు. నన్ను కుర్చీలోంచి లేపి, గీత గీసిన ఫ్లాపీని మళ్లీ మిషన్లో పెట్టి, క్లాసు మానేసి, వెనకాల తల్లి కొంగు పట్టుకొని నిలబడ్డ అమ్మాయిని చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"ఇప్పుడు నువ్వు తియ్యి" అంది.